జపాను తీరు, మన తీరు

కొత్తవాడ, వరంగల్
16 జూన్ 2024

పెద్దనాయినకు నవనీత దండాలు.

అమ్మా నేనూ బాగున్నాం అని రాయబోయి ఆగాను. అమ్మ బాగుంది. నేను బాగాలేను.

ఫోన్ చేస్తే నీ బిడ్డ భవాని ఎత్తుతుంది. నీ చెవులేమో భివండి మరమగ్గాలు తినేశాయి. అది నీ చెవి దగ్గర అరిచి చెప్తే పద్మానగర్ సందు సందంతా వింటుంది. ఇది అట్లా చెప్పే సంగతి కాదు. అందుకే ఉత్తరం.

నిరుడు చలికాలం నుంచి తలనొప్పి. హసన్‌పర్తి కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటే అక్షరాలు రెండేసి కనిపించేవి. ఇక్కడ ఒకాయనకు చూపిస్తే అద్దాలు మార్చుకోమన్నాడు. మార్చాను. మార్చి నెలలో ఆఫీసులోనే పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకున్నానట. నాకు తెలియదు. దవాఖానలో బీపీ చూస్తే రెండు వందల పది. ఇరవై ఏడేళ్ల పిల్లకు అంత బీపీ ఏమిటని హైదరాబాద్ పంపారు.

అక్కడ సుకన్య అనే డాక్టరమ్మ స్కానింగు తీయించి, కుడి మూత్రపిండానికి పోయే రక్తనాళం సన్నబడిందని చెప్పింది. జబ్బు పేరు తకయాసు. మొదట దాని గురించి రాసిన జపాను కంటి డాక్టరు పేరట అది. మన ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి రక్తనాళాల గోడలను తింటుందట. "కావలి కుక్క ఇంటోళ్లనే కరిసినట్టా?" అంది అమ్మ. "గంతే అమ్మా" అంది డాక్టరమ్మ.

ఆమె గోడ మీద ప్రపంచ పటం చూపించింది. యూరప్, అమెరికాల్లో ఈ జబ్బు చాలా తక్కువ. జపాను, కొరియా, మన దేశం, టర్కీ, ఇటు వైపు ఎక్కువ. అందులోనూ వయసు ఆడపిల్లలకే. జపాను ఆడవాళ్లకు ఎక్కువగా మెడ నాళాలకూ చేతుల నాళాలకూ వస్తుంది, మణికట్టు పడితే నాడి దొరకదు. మన దేశంలో ఎక్కువగా కడుపులోని పెద్ద నాళానికీ మూత్రపిండాల నాళాలకూ వస్తుంది, అందుకే బీపీ. "ఒక్క రోగమే, ఇన్ని తీర్లెందుకు మేడం?" అని అడిగితే, "పుట్టుకలనే ఉందో, నేలల ఉందో, చిన్నప్పుడు సోకిన ఇంకో రోగంల ఉందో, ఎవ్వరికీ పూర్తిగ తెల్వదమ్మా" అంది.

తరువాత అడిగింది: "మీ ఇంట్ల ఇంకెవ్వరికన్న ఉండెనా?" అరుదే గానీ కొన్ని ఇళ్లల్లో ఇద్దరు ముగ్గురికి వస్తుందట. బాపు ఉంటే చెప్పేవాడు. కరోనాలో పోయాడు. అమ్మకు తను కాపురానికి వచ్చిన తరువాతి సంగతులే తెలుసు. పాత సంగతులకు నువ్వొక్కడివే మిగిలావు. ఆలోచించి రాయి పెద్దనాయినా.

మందులతో ముఖం ఉబ్బింది. "మంచిగ దొడ్డయినవు బిడ్డా" అంటున్నారు వాడకట్టు వాళ్లు. ఉప్పు మానేశాను. మామిడికాయ తొక్కు వాసన చూసి ఊరుకుంటున్నాను.

నీ బిడ్డ
నవనీత


పద్మానగర్, భివండి
27 జూన్ 2024

చిరంజీవి నవనీతకు పెద్దనాయిన సదానందం దీవించి రాయునది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. షెడ్డులో మగ్గం ఆపి చదువుతుంటే సేటు వచ్చి ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు, మంచిదే అయింది. నా తమ్ముడు లేని ఇంట్లో నీకీ కష్టం రావాలా?

నువ్వు అడిగిన దానికి జవాబు. మన ఇంట్లో అసుంటి రోగం ఎవరికీ లేదు. మీ తాత ముసలితనంతో పోయాడు. మీ నాయనమ్మ జ్వరంతో పోయింది. మన వంశంలో నరాల రోగం గాని రక్తం రోగం గాని ఎన్నడూ లేదు. డాక్టరమ్మకు అట్లనే చెప్పు. మళ్లీ అడిగినా అదే చెప్పు.

ఇక్కడ వానలు మొదలైనాయి. షెడ్డు రేకులు కారుతున్నాయి. నూలు తడుస్తుందని పొద్దటి షిఫ్టు ఒక్కటే నడుపుతున్నారు. నలభై ఏళ్లుగా గుద్దుతున్న మగ్గాలు ఆగితే నా గుండె ఆగినట్టు ఉంటుంది. చప్పుడు చెవులకు కాదు, అరికాళ్లకు తెలుస్తది నాకు.

భవాని బాగానే ఉంది. కండెలకు నూలు చుట్టే మిషన్ మీద పని. ఇరవై ఏళ్లు వచ్చినా వాళ్లమ్మ లేని పిల్ల కదా, ఇంకా చిన్నదే అనిపిస్తుంది. ఈ మధ్య ఎడమచేయి లాగుతుందంటుంది. పైబల్లకు కండెలు ఎత్తిపెట్టేటప్పుడు చేయి బరువెక్కి దించేస్తుంది. పట్టుకుని చూస్తే చల్లగా ఉంటుంది. పక్కింటి సమ్మమ్మ, మన ములుగు దిక్కు ఆమె, "పిల్లను బొంబయి తోల్కపోయి పెద్ద దవాఖానల సూపియ్యి" అని నా ముందు చేతులు తిప్పి చెప్తుంది. ఆషాఢం దాటినాక పోదామని అనుకుంటున్నాను.

ఒక్క మాట. నీ రోగం సంగతి భవానికి ఫోన్లో చెప్పకు. అది పిరికిది. తిండి మానేస్తుంది. ఏదున్నా నాకే రాయి.

పెద్దనాయిన
సదానందం


కొత్తవాడ, వరంగల్
8 జూలై 2024

పెద్దనాయినా,

నీ జవాబు డాక్టరమ్మకు చెప్పాను. కాగితం మీద "కుటుంబంలో ఎవరికీ లేదు" అని రాసుకుంది. నాకూ కొంచెం ధైర్యం వచ్చింది. నాతోనే మొదలైందంటే నాతోనే పోతుంది కదా.

భవాని చేయి గురించి చదివి మొదట భయమేసింది. తరువాత నిమ్మళంగా ఆలోచించాను. చేతికి వచ్చేది జపాను తీరు. మనకు వచ్చేది కడుపులో, బీపీతో. దానికి చేయి నొప్పే గానీ నాకు లాగా తలనొప్పీ కళ్లు తిరగడమూ ఉన్నాయని నువ్వు రాయలేదు. రోజంతా కండెలు ఎత్తే పిల్లకు చేయి లాగకపోతే ఆశ్చర్యం. అమ్మకు జంపఖానాలు నేసీ నేసీ రెండు భుజాలూ పట్టేస్తాయి, అదే ఇది.

అయినా మనసు నిమ్మళం కోసం మీ సందులోని డాక్టరుతో ఒకసారి బీపీ చూపించు. బీపీ ఎక్కువ లేకపోతే ఇది ఆ జబ్బు కాదు. ఫికర్ చేయకు. వానల్లో బొంబాయి దాకా ఎందుకు తిప్పుతావు దాన్ని? కొబ్బరినూనె కాచి రాయి.

నిన్న ఫోన్లో భవానీ నేనూ గంటసేపు ముచ్చట పెట్టాం, సినిమాల గురించే. నువ్వు చెప్పినట్టే నా సంగతి ఎత్తలేదు. "నీ గొంతేంది అక్కా, బొంగురు పోయింది?" అంటే జలుబు అన్నాను.

నవనీత


పద్మానగర్, భివండి
20 జూలై 2024

చిరంజీవి నవనీతకు ఆశీస్సులు.

నీ మాట ప్రకారం చూపించాను. నూటా పది, డెబ్బై. డాక్టరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాడు. "ఫస్ట్ క్లాస్" అని బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆ కాగితం దేవుని పటం వెనక పెట్టాను.

ఆ రోజు నవ్వులాట అయింది. ఆషాఢం కదా, సమ్మమ్మ ఎక్కడినుంచో గోరింటాకు రుబ్బి తెచ్చింది. "ఎడమచేయి లాగుతుంది, దానికి వద్దు" అని భవాని కుడిచేతికే ముద్ద పెట్టించుకుంది. అట్లనే బయల్దేరదీశాను. అక్కడ ఎండని గోరింటాకు చేయి గాలికి ఎత్తి పట్టుకుని, రెండో చేయి ఇచ్చింది. డాక్టరు మూడుసార్లు గాలి కొడితే గాని చప్పుడు అందలేదట. బక్క పిల్ల కదా, చేతిలో కండ ఎక్కడిది?

బొంబాయి ప్రయాణం మానుకున్నాను. సమ్మమ్మ మొఖం ముడుచుకుంది. "మా తమ్ముని బిడ్డ చదువుకున్నది, హైదరాబాద్ డాక్టర్ల దగ్గర తెలుసుకుని రాసింది" అని నీ ఉత్తరం చూపించాను. ఆమెకు చదువు రాదు, అయినా చూసింది.

నూనె రాస్తున్నాను. నువ్వు వేళకు మందులు వేసుకో. వచ్చే నెల మన పద్మశాలోళ్లు మార్కండేయుని రథం తీస్తారు. నీ పేర కొబ్బరికాయ కొడతాను.

సదానందం


కొత్తవాడ, వరంగల్
22 ఆగస్టు 2024

పెద్దనాయినా,

స్పీడ్‌పోస్టులో పంపుతున్నాను. చేతికి రాగానే, మగ్గం మీద ఉన్నా దిగి, ఇది చదువు.

నిన్న హైదరాబాద్ పోయాను. బయట బెంచీ మీద నా పక్కన మొగిలమ్మ అని ఒకామె కూర్చుంది. మనదే, నెక్కొండ. మిరపతోటలకు కూలికి పోతుందట. ముప్పై ఏళ్లు ఉంటాయి. "నీకేమైంది చెల్లే?" అని అడిగి, తన ఎడమచేయి నా ఒళ్లో పెట్టింది. "పట్టి సూడు. నాడి దొర్కుతదేమో." ఎంతసేపు వెతికినా దొరకలేదు. చల్లగా ఉంది. అదే జబ్బు పెద్దనాయినా. జపాను కాదు, నెక్కొండ.

లోపలికి పోయి డాక్టరమ్మను అడిగాను. మన దేశంలో చేతికి రాదు కదా మేడం అంటే, "రాదని నేనెప్పుడన్న? ఎక్కువగ కడుపుల వస్తదన్న. వెయ్యిమందిని లెక్కవెడితె తేలే మాట అది. నీ ముంగట కూసున్న ఒక్క మనిషికి ఆ లెక్క పనికిరాదు" అంది. ఎక్కువగా అన్న ముక్క నీకు రాసిన మొదటి ఉత్తరంలో రాశాను. రెండోసారి రాసినప్పుడు వదిలేశాను. ఎందుకు వదిలేశానో నాకే తెలియదు.

ఇంకోటి. మొగిలమ్మకు రెండు చేతులకూ బీపీ చూశారు. ఎడమచేతికి నూటా ఐదు. కుడిచేతికి నూటా తొంభై. నాళం మూసుకున్న చేతికి చూస్తే ఉన్న బీపీ కనపడదట. లోపల తల పగిలేంత ఉన్నా ఆ చేయి బాగుందనే చెప్తుందట.

ఇంటికొచ్చి నీ ఉత్తరం తీశాను. గోరింటాకు కుడిచేతికి అని రాసి ఉంది.

భవానిని వెంటనే బొంబాయి తీసుకుపో. కుడిచేతికి చూడమను. నీకిచ్చిన మాట తప్పి పొద్దున్నుంచి దానికి మూడుసార్లు ఫోన్ చేశాను. మోగుతోంది. ఎత్తడం లేదు. పనిలో ఉందేమో. ఇది పోస్టులో వేసి మళ్లీ చేస్తాను.

నవనీత


భివండి
5 సెప్టెంబరు 2024

నవనీతకు,

నువ్వు ఫోన్ చేసిన పొద్దుననే భవాని మిషన్ దగ్గర పడిపోయింది.

నోరు ఒక పక్కకు పోయింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట లేదు. ఆటోలో తీసుకుపోతే ఇక్కడి దవాఖానవాళ్లు బొంబాయి పంపారు. అక్కడ బయట వరండాలో దాని సంచి ఒళ్లో పెట్టుకుని నేను కూర్చున్నాను. సమ్మమ్మ వచ్చి సంచి లాక్కుని ఫోన్ తీసి చూపించేదాకా అది మోగుతుందని నాకు తెలియదు. సంచి వణికినట్టు అనిపించింది. నా కాళ్లే వణుకుతున్నాయనుకున్నాను. అప్పటికి ఆగిపోయింది. సమ్మమ్మకు దానితో మాట్లాడటం రాదు. తరువాత చార్జింగు అయిపోయింది. నీ కాగితం ఆరో రోజు షెడ్డుకు వచ్చిందట. నేను దవాఖాన నుంచి మొన్ననే వచ్చి చూసుకున్నాను.

నర్సు కుడిచేతికి బీపీ పట్టీ చుట్టింది. డాక్టరు ఒక కాగితం మీద రెండు అంకెలు రాసి చూపించాడు. కుడి 230. ఎడమ 100. నేను దేవుని పటం వెనక కాగితం సంగతి చెప్పాను. అతను తల పట్టుకున్నాడు.

జూలైలో నువ్వు రాసిన ఉత్తరం పట్టుకుని నేను ఇంట్లో కూర్చున్నాను. సమ్మమ్మకు అక్షరం ముక్క రాదు, పోదాం పోదాం అన్నది. నువ్వు చదువుకున్నదానివి, వద్దన్నావు. ఈ మాట రాయకుండా ఉందామనుకున్నాను. రాయకపోతే నా కడుపు మండుతుంది.

ఇప్పుడు నా సంగతి రాస్తాను. అదే డాక్టరు "ఇంట్లో ఎవరికైనా?" అని రాసి నా ముందు పెట్టాడు. పెన్ను నా చేతికే ఇచ్చాడు. ఈసారి లేదని రాయలేకపోయాను.

నాకూ మీ బాపుకూ నడుమ ఒక చెల్లె ఉండేది. సరస్వతి. మీ అమ్మకు తెలియదు. నీకూ తెలియదు. పద్దెనిమిదో ఏట డోర్నకల్ ఇచ్చాం, పిల్లగాడు రైల్వేలో కలాసీ. ఏడాది తిరగకుండా చేయి లాగుతుంది, కళ్లు తిరుగుతున్నాయి అన్నది. అక్కడి వైద్యుడు మణికట్టు పట్టి, నాడి దొరక్క చేయి వదిలేసి లేచాడు. "పీనుగు చెయ్యి" అన్నారు అత్తగారింటోళ్లు. తెచ్చి మన గడపలో దింపిపోయారు. వాడకట్టులో ఆమె చేతి నీళ్లు తాగలేదు. ఆమె తోడిన నూలు ఎవరూ తీసుకోలేదు. ఇరవయ్యో ఏట, రాట్నం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగింది. భవాని పడ్డట్టే.

మీ నాయనమ్మ నా చేతినీ మీ బాపు చేతినీ తన నెత్తి మీద పెట్టుకుని, "గీ పేరు మల్ల ఎత్తద్దు. మీకు పుట్టే ఆడివిల్లలకు మచ్చ వస్తది" అని ఒట్టు వేయించింది. ఉన్న ఒక్క ఫోటో పొయ్యిలో వేసింది. ఆ యేడే నేను భివండి బస్సెక్కాను. నువ్వు అడిగినప్పుడు అంతా గుర్తుంది నాకు. భవాని చేయి చల్లగా తగిలినప్పుడు కూడా గుర్తుంది. లేదనుకుంటే లేకుండా పోతుందనుకున్నాను.

సదానందం


కొత్తవాడ, వరంగల్
14 సెప్టెంబరు 2024

పెద్దనాయినా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

మొదటిసారి నా తప్పంతా రాసుకున్నాను. నేను సగం విన్నాను, సగం అర్థం చేసుకున్నాను, ఆ సగాన్ని డాక్టరులాగా నీకు రాసి పంపాను. రోగమొచ్చిన దగ్గర్నుంచి అందరూ నాకే చెప్తున్నారు, ఒకరికి నేను చెప్పే వంతు వచ్చిందని నాకు లోపల గొప్పగా కూడా ఉండింది. అది నిజం. దాచను.

రెండోసారి కోపమంతా రాశాను. నువ్వు "ఎవరికీ లేదు" అని రాయకపోతే, ఒక్క పేరు రాసి ఉంటే, డాక్టరమ్మ ఆ రోజే "మీ ఇంటి ఆడపిల్లలందరినీ తీసుకురా" అనేది. నేను వద్దన్నా నువ్వు పోయేవాడివి, ఎందుకంటే నీకు తెలుసు. నువ్వు చూశావు. నేను చూడలేదు. మేనత్త ఒకామె ఉందని ఇరవై ఏడేళ్లకు తెలిసింది నాకు.

మూడోసారి ఏం రాశానో గుర్తు లేదు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "మీ బాపు నిద్రల సరస్వతి సరస్వతి అంటుండె. దేవత పేరనుకున్న" అంది.

డాక్టరమ్మ నా కాగితాలన్నీ మీ డాక్టర్లకు పంపుతానంది. భవానికి కూడా నా మందులే పడొచ్చట. వాపు తగ్గాక నాళాల్లో గొట్టం వేయడం గురించి చూస్తారట. పోయిన చేయీ మాటా ఎంత తిరిగి వస్తాయో ఇప్పుడే చెప్పలేమంది. "ఎక్కువగా" అనే మాట ఆమె వాడలేదు. నేనూ అడగలేదు.

నేను రావచ్చా? రమ్మంటేనే వస్తాను.

నవనీత


పద్మానగర్, భివండి
6 అక్టోబరు 2024

చిరంజీవి నవనీతకు పెద్దనాయిన రాయునది.

జవాబుకు ఆలస్యమైంది. కోపంతో కాదు. వంట, నీళ్లు, బట్టలు, దానికి తినిపించడం, అన్నీ నావే. సమ్మమ్మ స్నానం చేయిస్తుంది. మగ్గం మానేశాను.

భవానిని ఇంటికి తెచ్చి పది రోజులు. స్కానింగులో ఎడమచేతి నాళం పూర్తిగా మూసుకుందని తేలింది. మెడ నాళం ఒకటి సగం. మూత్రపిండాల నాళాలు రెండూ. మీ డాక్టరమ్మ కాగితాలు చూసినాక ఇక్కడి డాక్టరు నా కోసం పటం గీసి, "రెండు తీర్లూ ఉన్నాయి" అని తెలుగు తెలిసిన నర్సుతో రాయించాడు. నేను ఆ పటం వంక చూస్తూ కూర్చున్నాను. ఏ దేశపు తీరైతే ఏం, పిల్ల నాదే.

సరస్వతి పేరు దవాఖాన పుస్తకంలో రాయించాను. వయసు అడిగితే ఇరవై అని చెప్పాను. ఒట్టు తప్పాను. ఏం కాలేదు. ఇన్నేళ్లు ఏమవుతుందని భయపడ్డానో ఇప్పుడు ఎంత తలచుకున్నా అందడం లేదు.

కుడికాలు కొంచెం ఆనిస్తుంది. కుడిచేయి వేలాడుతుంది. ఎడమచేతితో గ్లాసు ఎత్తబోయి సగంలో దించేస్తుంది. నేను పట్టుకుంటే మొఖం తిప్పుకుంటుంది. పక్క మీద తడిపినప్పుడు ఏడుస్తుంది. చప్పుడు వస్తుందో లేదో నాకు తెలియదు, కన్నీళ్లు కనపడతాయి.

మరమగ్గాల దగ్గర అందరం పెదవులు చూసే మాట్లాడుకుంటాం. ఇన్నేళ్లూ భవాని మాట నేను విన్నది కళ్లతోనే. ఇప్పుడు దాని పెదవులు వంకర తిరిగినాయి. ఎంత దగ్గరికి పోయి చూసినా ఒక్క అక్షరం పోల్చుకోలేకపోతున్నాను.

నిన్న పొద్దున అన్నం పెడుతుంటే నోరు కదిపింది. మళ్లీ మళ్లీ అదే మాట, మూడుసార్లు. నేను పళ్లెం దించి సమ్మమ్మను పిలుచుకొచ్చాను. ఆమె ముందు ఇంకోసారి అన్నది. సమ్మమ్మ నా గుండె మీద చేయి వేసి, "బాపు అంటాంది" అన్నట్టు పెదవులు కదిపింది. కానీ సమ్మమ్మ కళ్లనిండా నీళ్లున్నాయి. నన్ను సంతోషపెట్టడానికి అట్లా చెప్పిందో, నిజంగా పిల్ల అదే అన్నదో, సచ్చిపోత అన్నదో, నాకు తెలియదు.

నువ్వు రా. నీ మందులు మరిచిపోకుండా తెచ్చుకో. వచ్చి దాని పక్కన కూర్చుని విను. ఏమంటుందో కాగితం మీద నాకు రాసి ఇయ్యి. మంచిదైనా చెడ్డదైనా అన్నది అన్నట్టే రాయి.

ఎదురుచూస్తూ,
పెద్దనాయిన